విజిటర్ల పుస్తకంలో నేను రాయని పేరు

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకు రెండు వందల పద్నాలుగో గదికి ఒక ఆడమనిషిని పంపింది నేనే. ఆమె పేరు విజిటర్ల పుస్తకంలో రాయలేదు. సాయంత్రం మేనేజరు పిలిచి అడిగితే, ముందు తలుపు నుంచి ఎవరూ పైకి పోలేదన్నాను. షిఫ్టు దిగేటప్పుడు లాగ్‌బుక్కులో కూడా అదే రాసి సంతకం పెట్టాను. ఆ అబద్ధం వల్ల ఇంకొక ఆడమనిషికి ఉద్యోగం పోయింది. ఉద్యోగం కంటే ముందు పేరు పోయింది. ఆమె ఎక్కడో ఉండే మనిషి కాదు. కామాఠీపురాలోని మా చాళ్‌లో, ఒకే వరండా మీద వరుసగా ఉండే ఒంటిగది ఇళ్లలో, మా ఖోలికి మూడు తలుపుల అవతల ఉండేది.

ఇది ముప్పై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. యాభై ఆరేళ్లకు వాలంటరీ రిటైర్మెంటు తీసుకున్నాక, మన పిల్లలు చాలామంది హోటల్ పనిలోకి వస్తున్నారు, నాలుగు మాటలు చెప్పమని దాదర్‌లో మన తెలుగువాళ్లు ఒక సాయంత్రం నన్ను పిలిచారు. అతిథి మర్యాద గురించి గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. శాలువా భుజం మీద ఉన్నంతసేపు నా ఒళ్లంతా చెమటే. నేను చెప్పిన వాటిలో అబద్ధం లేదు. అసలు సంగతి కూడా లేదు. ఆ పిల్లలకు అప్పుడు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

అడ్రసు

మా తాత పాలమూరు నుంచి రాళ్లు మోసే పనికి బొంబాయి వచ్చాడు. మా నాన్న తాపీ పట్టాడు. మా వాళ్లను ఈ ఊళ్లో కామాఠీలన్నారు. మేము ఉన్న చోటుకు మా పేరే పడింది. కానీ ఆ చోటు పేరు ఎత్తగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది గోడలు కట్టిన మేము కాదు. మాకు నాలుగు గల్లీల అవతల ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడే ఇళ్లుండేవి. మా వైపు తలుపుల మీద సున్నంతో 'ఫ్యామిలీ' అని రాసుకునేవాళ్లం, దారి తప్పి వచ్చిన మగాళ్లు తలుపు కొట్టకుండా.

అందుకే మా పిల్లలు నేర్చుకునే మొదటి అబద్ధం అడ్రసు. బళ్లో అడిగినా, రైల్లో అడిగినా బొంబాయి సెంట్రల్ అనాలి. పెళ్లిచూపులు వర్లీలోనో ధారావిలోనో చుట్టాలింట్లో జరగాలి. ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ఇంకెవరిదో ఇంటి నంబరు వేయాలి. తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. వానొస్తే గొడుగు తీసుకెళ్లినంత మామూలు సంగతి అది.

నేనూ అలాగే వేశాను. బట్టల మిల్లుల సమ్మె మొదలైన మరుసటేడు, అంటే ఎనభై మూడులో, అంధేరీలో విమానాశ్రయం వైపు ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీసు అసిస్టెంటుగా చేరాను. పెద్ద హోటలేమీ కాదు. నాలుగంతస్తులు, ఎనభై గదులు. ఇలాంటివే ఇంకో నాలుగైదు ఊళ్లలో ఉన్న ఒక కంపెనీది. కంపెనీ ఏజెంట్లు, పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు, మరుసటి విమానం కోసం ఆగినవాళ్లు దిగేవారు. దరఖాస్తులో వర్లీలో మా మేనమామ చాళ్ అడ్రసు రాశాను. కంపెనీ మనిషి వాకబుకు వస్తాడేమోనని మామకు ముందే చెప్పి ఉంచాను. రెండు నెలలు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. రాకపోవడం వల్ల భయం తగ్గలేదు, ఎప్పుడైనా రావచ్చన్న భయంగా మారింది.

దానికి తోడు రైలు. డ్యూటీ అయ్యాక నలుగురైదుగురం కలిసి స్లో లోకల్ ఎక్కేవాళ్లం. నేను వర్లీ మనిషిని కదా, లోయర్ పరేల్‌లో దిగాలి. దిగి, వాళ్లకు చెయ్యి ఊపి, మెట్ల దాకా నడిచి, ఆ రైలు కదిలాక వెనక్కి వచ్చి తర్వాతి రైలెక్కి బొంబాయి సెంట్రల్ పోయేవాణ్ని. నాలుగేళ్లు రోజూ ఇదే. ఒకసారి తర్వాతి రైల్లో మా హోటల్ వంటవాడు కనిపించాడు. పర్సు మర్చిపోయానని ఏదో అబద్ధం చెప్పాను.

పింటో సాబ్

మా ఫ్రంట్ ఆఫీసు మేనేజరు పింటో సాబ్. నేను చూసిన బాసుల్లో మంచివాడని చెప్పదగ్గవాడు ఆయనొక్కడే. ఎవరి మీదా గొంతు పెంచడు. టై ముడి నుంచి తాళపుచెవి పెట్టే గూడు దాకా అన్నీ ఆయన కళ్లతో చూసి నేర్చుకున్నాను.

కోయంబత్తూరు నుంచి ఒక మోటారు పంపుల ఏజెంటు నెలనెలా వచ్చేవాడు. ప్రతిసారీ దిండు బాగాలేదని గొడవ. మెత్తదిచ్చాం, గట్టిదిచ్చాం, కొత్తది కొనిచ్చాం. మూడోసారి నేను విసుక్కుంటే పింటో సాబ్ నన్ను పక్కకు పిలిచి, ఆయన ఎన్నిసార్లు అడిగాడో కాదు, ఎప్పుడెప్పుడు అడిగాడో చూడమన్నాడు. చూశాను. విమానమెక్కబోయే ముందు రోజే అడుగుతున్నాడు. ముందువైపు గదుల్లోకి విమానాల మోత వచ్చేది. ఆయనకు విమానమంటే భయం. గది వెనకవైపుకు మార్చాం, దిండు మాట మళ్లీ ఎత్తలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోండి. అతిథి ఫిర్యాదు చేసేది ఒకదాని గురించి, బాధపడేది ఇంకొకదాని గురించి. అతని భయమేమిటో కనుక్కోగలిగితే సగం పని అయినట్టే.

ఇంకొకటి నా తప్పు. తెల్లవారి లేపమని నూట ఇరవయ్యో గది పెద్దాయన చెబితే, పుస్తకంలో నూట రెండు అని వేశాను. నూట రెండులో ఉన్నాయన అనవసరంగా లేచి తిట్టాడు. నూట ఇరవైలో ఉన్నాయన రాజ్‌కోట్ విమానం పోగొట్టుకున్నాడు. అక్కడ ఆయన తోబుట్టువు ఆస్పత్రిలో ఉంది. ఆయన కౌంటరు ముందు నిలబడి గడియారం వైపు చూస్తూ ఉన్నాడు. పింటో సాబ్ నా చేతికి లాగ్‌బుక్కు ఇచ్చి, ముందు నీ చేత్తో నీ తప్పు రాయి, తర్వాత వెళ్లి ఆయనతో చెప్పు అన్నాడు. రాయకముందు చెప్పే క్షమాపణలో మనిషి తప్పించుకునే దారి ఉంచుకుంటాడట. రాశాను. చెప్పాను. మధ్యాహ్నం విమానంలో చోటు దొరికేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను. నా ఉద్యోగం పోలేదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత జరిగినదానికి ఉద్యోగం పోతుందన్న భయమే కారణమని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. తప్పు ఒప్పుకుంటే ఆ బాస్ దగ్గర ఉద్యోగం నిలుస్తుందని నాకు అప్పటికే తెలుసు.

అంజమ్మ

నేను చేరిన రెండేళ్లకు ఒకరోజు పొద్దున పని మనుషుల కాంట్రాక్టరు నలుగురు కొత్తవాళ్లను తీసుకొచ్చాడు. అందులో అంజమ్మ ఉంది. మా అక్క వయసుది. ఆమె భర్త సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి నడుము విరిగి మంచాన ఉన్నాడు. ఒక్కడే కొడుకు, మునిసిపాలిటీ బళ్లో మరాఠీ మీడియం. నేను ఏడో తరగతి తప్పినప్పుడు మా నాన్న కొట్టబోతే అడ్డం వచ్చి తన ఖోలిలో దాచుకున్న మనిషి ఆమె.

కౌంటరు వెనక టై కట్టుకుని ఉన్న నన్ను చూసి ఆమె మొహం వెలిగిపోయింది. "తమ్మీ, నువ్వు ఈడ్నే చేస్తున్నవా?" అంది తెలుగులో. నా పక్కన ఇద్దరు ఉన్నారు. పనివాళ్ల దారి వెనకవైపు ఉంది అని నేను హిందీలో చెప్పాను. ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "జీ సాబ్" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం చాళ్‌లో నీళ్ల కొళాయి దగ్గర ఆమెను పట్టుకున్నాను. నేను వర్లీ అడ్రసు ఇచ్చాననీ, అక్కడ నన్ను ఎరగనట్టే ఉండాలనీ బతిమాలాను. ఆమె నవ్వింది. కోపం లేదు ఆ నవ్వులో.

"గింతేనా? గీ చాళ్‌ల ఎవలు అసలు అడ్రసు ఇచ్చిండ్రు చెప్పు."

"నువ్వేమిచ్చినవ్ అక్కా?"

"నాకు వర్లీల మామ లేడు గద. ఉన్నదే రాయించిన. ఫర్శ్ తుడిచేటోళ్ల అడ్రసు ఎవలు చూస్తరు?" అంది. బిందె చంకనెత్తుకుని పోతూ వెనక్కి తిరిగి, "ఒట్టు. అక్కడ నువ్వు సాబ్‌వే" అంది.

రెండేళ్లు ఆ మాట నిలబెట్టింది. రెండో అంతస్తు వరండాలు, బాత్‌రూములు ఆమె పని. లాబీలో ఎదురుపడితే తల వంచి పోయేది. చాళ్‌లో మాత్రం, పొద్దున నీ కాలర్ ఒకవైపు లేచి ఉంది సాబ్ అని ఎగతాళి చేసేది. మిగతావాళ్లకు ఆ తమాషా అర్థమయ్యేది కాదు. నేనూ నవ్వేవాణ్ని. కానీ ఆమె వచ్చిన రోజు నుంచి నా భయం రెట్టింపయింది. నా అడ్రసు ఇప్పుడు చీపురు పట్టుకుని మా హోటల్లో తిరుగుతోంది.

రెండు వందల పద్నాలుగు

నాగపూర్ నుంచి ఒక మందుల కంపెనీ ఏరియా మేనేజరు నెలకోసారి వచ్చి ఈ గదిలో దిగేవాడు. మర్యాదస్తుడు. వచ్చినప్పుడల్లా కౌంటరులో అందరికీ నారింజలు ఇచ్చేవాడు. అలాంటివాళ్లకు మేము కూడా చిన్న చిన్న సదుపాయాలు చేస్తూ ఉండేవాళ్లం. అందులో ఒకటి విజిటర్ల పుస్తకం. గదికి ఎవరు వెళ్లినా పేరు, టైము రాయాలన్నది నియమం. ఆయన ఒకసారి, ఆఫీసు మనిషి కాగితాలు తెస్తుంది, రాయవద్దు, మా కంపెనీలో ఒకరిమీద ఒకరు కన్నేసి ఉంటారు అన్నాడు. రాయలేదు. తర్వాత కూడా రాయలేదు. ఆమె నిజంగానే ఫోర్ట్ ఏరియాలోని వాళ్ల ఆఫీసు మనిషే. నూలు చీర, భుజాన తోలు సంచి, చేతిలో ఫైలు. మా గల్లీలకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదు. ఇది ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆ రోజు రెండున్నరకు ఆమె వచ్చింది. నేను తల ఊపాను, లిఫ్టులో పైకి వెళ్లింది. నాలుగింటికి ఘాట్‌కోపర్‌లో ఉండే ఆయన బావమరిది చెప్పాపెట్టకుండా వచ్చాడు. నేను విమానం రద్దయిన ఇరవై మందికి గదులు సర్దుతున్నాను. అతను గది నంబరు ముందే తెలుసుకున్నట్టుంది, అడగకుండా మెట్లెక్కి పోయాడు. కాసేపటికి పైనుంచి అరుపులు. ఆమె ఆ గొడవలో వెనక మెట్ల మీదుగా వెళ్లిపోయిందట. వరండాలో తుడుస్తున్న అంజమ్మ ఒక్కతే మిగిలింది. ఆ మర్యాదస్తుడు తనకు చెల్లెల్నిచ్చిన బావమరిది ముందు చేతికి దొరికిన మనిషిని చూపించాడు. ఈ పనిమనిషే తలుపు కొట్టి ఎవరినో లోపలికి తోసింది, నేను పొమ్మంటూ ఉండగానే నువ్వొచ్చావు అన్నాడు.

పింటో సాబ్ గదిలోకి మమ్మల్ని పిలిచారు. అంజమ్మ, కాంట్రాక్టరు సూపర్‌వైజరు, నేను. బావమరిది బయట లాబీలో అందరికీ వినబడేలా పోలీసుల మాట ఎత్తుతున్నాడు. పింటో సాబ్ ముందు విజిటర్ల పుస్తకం తీశారు. ఆ మధ్యాహ్నం పేజీ ఖాళీ. అంజమ్మను అడిగారు. ఆమె తడబడకుండా చెప్పింది, నేనెవరినీ తేలేదు సాబ్, ఆ బాయి లిఫ్టులోంచి దిగి తనే పోయి తలుపు కొట్టింది అని.

లిఫ్టు ఎక్కాలంటే నా కౌంటరు ముందునుంచే రావాలి. పింటో సాబ్ నా వైపు తిరగబోయారు. ఆలోపు సూపర్‌వైజరు పనివాళ్ల జాబితా ఆయన ముందు పెట్టి, ఒక వరుస మీద వేలు ఉంచాడు. ఆయన చదివారు. మళ్లీ చదివారు. "కామాఠీపురా" అన్నారు మెల్లగా. సూపర్‌వైజరు ముక్కుతో నవ్వాడు. గదిలో ఇంకేమీ రుజువు అక్కర్లేనట్టయింది.

అయినా పింటో సాబ్ న్యాయం తప్పే మనిషి కాదు. నన్ను అడిగారు. "నర్సింగ్, నీ ముందునుంచి ఎవరైనా ఆడమనిషి పోయిందా?"

పోయిందంటే, ఎందుకు రాయలేదంటారు. అది ఒప్పుకోగలను. అంతటితో ఆగదు. ఈ మనిషి నీకు తెలుసా అంటారు. తెలుసంటే ఎలా తెలుసంటారు. నా ఫైలు కూడా తీస్తారు. సూపర్‌వైజరు వేలు నా పేరు మీదికి వస్తుంది. ఆ ముక్కుతో నవ్వే నవ్వు నా మీదికి వస్తుంది. రేపటి నుంచి లోకల్లో పక్కన కూర్చునేవాళ్లు, నాలుగేళ్లుగా లోయర్ పరేల్‌లో నేను ఊపిన చెయ్యి... ఇవన్నీ ఎంతసేపు ఆలోచించానో తెలియదు. ఒక గుటక మింగేంతసేపు అనుకుంటాను.

"ఎవరూ పోలేదు సార్" అన్నాను.

అంజమ్మ నా వైపు చూసింది. పింటో సాబ్ ఆమెను చివరి మాటగా అడిగారు. ఇక్కడ నిన్ను ఎరిగినవాళ్లు, నీ గురించి చెప్పగలవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. మెల్లగా, మర్యాదగానే అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఆమె వేలెత్తి చూపిస్తే చాలు. చూపించకూడదని దేవుణ్ణి మొక్కాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ మొక్కాను.

"కోయీ నహీ సాబ్" అందామె. నడుముకు కట్టుకున్న నీలం ఏప్రను విప్పి, మడతపెట్టి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పింటో సాబ్ ఆ రోజు నా భుజం తట్టి, బయట ఆ బావమరిదికి నీ మాటే చెప్పాను, నాకది చాలు అన్నారు. ఆయన చనిపోయేదాకా ఆ నమ్మకంతోనే ఉన్నారు. అది నేను సరిచేయలేని అప్పు.

సాయంత్రం చాళ్‌కు వచ్చేసరికి ఆమె గ్యాలరీలో బియ్యం చెరుగుతోంది. తప్పించుకుని పోదామంటే మా ఖోలికి అదే దారి. తల ఎత్తకుండానే, "నీ పేరు నేను తియ్యలే తమ్మీ. భయపడకు" అంది. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు. బతికాను అనిపించింది. సిగ్గు తర్వాత వచ్చింది, తీరిగ్గా, ఏళ్ల తరబడి.

చాళ్‌లో

సూపర్‌వైజరు కింద పనిచేసేవాళ్లలో ధారావి తెలుగువాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల ద్వారా నెలలోపే మాట మా చాళ్‌కు చేరింది. హోటల్ గదులకు ఆడవాళ్లను తోలుకపోయేదట అని. నాలుగు గల్లీల అవతలి పేరు మాకు అంటకూడదని తలుపుల మీద సున్నంతో రాసుకున్న మనుషులం మేము. ఆ మాట మా మధ్యనే ఒకరికి అంటితే ఏంచేస్తామో అప్పుడు చూశాను. ఎవరూ తిట్టలేదు. కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే ముందు బిందెవాళ్లు కాస్త జరిగేవాళ్లు. చేట అడగడానికి ఆమె తలుపు ఎవరూ తట్టలేదు.

ఆ ఏడు బతుకమ్మ చాళ్ వాకిట్లో పేర్చారు. దాదర్ పూలంగడి నుంచి తెచ్చిన బంతిపూలతో ఆమె కూడా పేర్చుకుని వచ్చింది. ఆడవాళ్లు వలయంగా నిలబడి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. ఆమె చేరబోయిన చోటల్లా ఇద్దరి మధ్య సందు పూడుకుపోయింది. మూడుసార్లు చూసింది. తర్వాత తన బతుకమ్మను తీసుకుని మెట్ల మీద కూర్చుంది. ఆమె కొడుకు యాదగిరి, పదేళ్లవాడు, పక్కన నిలబడి వలయం వైపు చూస్తున్నాడు. నేను పైన రెండో అంతస్తు గ్యాలరీలో ఉన్నాను. దిగి వెళ్లి ఒక్క మాట చెబితే అయిపోయేది. అక్కడ పింటో సాబ్ లేడు, హోటల్ లేదు, అడ్రసు దాచాల్సిన పని లేదు. అందరిదీ ఒకే అడ్రసు. అయినా దిగలేదు. ఒకసారి అబద్ధం చెప్పినవాడికి ఎక్కడ నిజం చెప్పినా మొదటి అబద్ధం బయటపడుతుందనే భయం. రెండో మౌనం మొదటిదానికంటే పెద్ద తప్పని ఇప్పుడు అంటాను.

దసరా తర్వాత వాళ్లు ఖోలి ఖాళీ చేసి ధారావి పోయారు. సామాను చేతిబండి మీద, భర్త ఆ సామాను మీద.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా తీర్పు ఇది. విజిటర్ల పుస్తకం అతిథి మీద నిఘా కోసమని అనుకోకండి. అది మీ కింద పనిచేసేవాళ్లకు రక్షణ. రాయవలసిన పేరు మీరు రాయకపోతే ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. అక్కడ ఇంకొకరి పేరు వచ్చి పడుతుంది. ఎప్పుడూ అందరికంటే బలహీనమైనవాళ్ల పేరే పడుతుంది. దయ చేయాలంటే మీ సొంతది ఏదైనా చేయండి, పుస్తకం జోలికి వెళ్లకండి. మనిషి అడ్రసు చూసి గుణం నిర్ణయించే బాస్ ఎంత మంచివాడైనా ఆ ఒక్క విషయంలో గుడ్డివాడే. ఆయనకు కళ్లు మీరే కావాలి. నేను కాలేదు.

ధారావి

శాలువా కప్పిన ఆ సాయంత్రం తర్వాత నిద్ర సరిగా పట్టలేదు. ఎనిమిది రోజులకు ధారావి వెళ్లాను. పాత గుడిసెలు తీసేసి కట్టిన ఏడంతస్తుల బిల్డింగుల్లో, తెలుగువాళ్లను అడుగుతూ పోతే నాలుగో అంతస్తులో దొరికింది. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. నేల మీద కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. కోడలు మరాఠీలో ఎవరు కావాలని అడిగింది. అంజమ్మ తల ఎత్తి చూసి, "మా నర్సింగ్. లోపటికి రానీ" అంది. ముప్పై ఏళ్ల తర్వాత 'మా' అనగానే, దారంతా కూడబెట్టుకుని వచ్చిన మాటలు చెదిరిపోయాయి. చాలాసేపు చాయ్, మోకాళ్ల నొప్పులు, ఎవరు పోయారు, ఎవరున్నారు. ఆమె భర్త ధారావి వచ్చిన నాలుగేళ్లకే పోయాడట. కోడలు వరండా తలుపు వేసి వంటలో పడింది.

చివరికి చెప్పాను. ఆ రోజు ఆమెను పంపింది నేనని. పూర్తి కాకముందే ఆమె కొత్తిమీర కాడ తుంచుతూ, "నాకు ఎర్కే గద" అంది. "లిఫ్ట్‌ల నుంచి దిగింది. నీ ముంగట నుంచి రాక యాడికెల్లొస్తది?"

"మరి అప్పుడెందుకు నా పేరు చెప్పలే అక్కా?"

"ఒట్టు పెట్టిన గద." ఇంకో కాడ తుంచి మళ్లీ అంది. "నాకు చెప్తే ఏమొస్తది తమ్మీ. ఎర్క లేనోళ్లకు చెప్పు. నా కొడుకు గప్పుడు పదేండ్లోడు. బతుకమ్మ నాడు ఇంటికొచ్చినంక అడిగిండు, అమ్మా, నువ్వు నిజంగనే తీస్కపోయినవా అని. లే బిడ్డా అన్న. సరే అన్నడు. మళ్ల అడగలే. నమ్మిండో లేదో నాకిప్పటిదాంక తెల్వదు."

యాదగిరి అరగంటలో వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఒక కొరియర్ ఆఫీసులో సూపర్‌వైజరు. అతనికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనో మరాఠీలోనో. నేను పారిపోకుండా ఉండడానికి చాప అంచును గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మొత్తం హిందీలో చెప్పాను. గది నంబరు, రాయని పేరు, పింటో సాబ్ అడిగిన రెండు ప్రశ్నలు, నా జవాబు, వాళ్ల అమ్మ జవాబు. అతను మధ్యలో ఆపలేదు. సాక్సులు విప్పుతున్నవాడు ఒక సాక్సు కాలికే ఉంచుకుని విన్నాడు. అయ్యాక తల్లి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు, కొత్తిమీర చూసుకుంటోంది. ఆమె వేళ్లు ఆగిపోయి ఉన్నాయి.

అతను లేచాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. అతను వెళ్లి కోడలు వేసిన తలుపు బార్లా తెరిచాడు. బయట పొడుగాటి వరండా. ఎదురు తలుపులు కూడా తెరిచే ఉన్నాయి. బియ్యం ఏరేవాళ్లు, పిల్లలకు జడలు వేసేవాళ్లు. వాళ్లలో సగం మంది మా పాత చాళ్ నుంచి వచ్చినవాళ్లేనని తర్వాత తెలిసింది. అతను తలుపు పట్టుకుని నిలబడి నాతో హిందీలో అన్నాడు, నాకు చెప్పింది నేను విన్నాను, ఇప్పుడు మా అమ్మకు చెప్పండి, తెలుగులో చెప్పండి, కొంచెం గట్టిగా.

బయట ఒకావిడ జడ వేస్తున్న చెయ్యి ఆపి ఇటు చూసింది. నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పే మాట కాదు.

"అక్కా, హోటల్ల ఆ బాయిని పైకి తోలింది నువ్వు కాదు. నేను. పింటో సాబ్ అడిగితే ఎవ్వలు పోలేదని అబద్ధం చెప్పిన. నా అడ్రసు బయటపడ్తదని నీ పేరు పోనిచ్చిన. నువ్వు ఏ తప్పు చెయ్యలే. చాళ్‌ల అందరు నిన్ను దూరం పెడ్తుంటే గ్యాలరీల నిలబడి చూసిన. నన్ను మాఫ్ చెయ్యి అక్కా."